మస్తానమ్మ పరిష్కారమైంది

మస్తానమ్మ బతికి ఉండటం వల్ల రాష్ట్రానికి చెడ్డపేరు వస్తోందని మొట్టమొదట కనిపెట్టింది పరాంకుశం గారు.

ఆయన ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఆమె వెలిగొండ్లపాడు బస్టాండులో జామకాయలు అమ్ముతుందనీ, రెండు కిడ్నీలూ పాడైపోయి నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు ఆ ఊరి ప్రభుత్వ డయాలసిస్ కేంద్రంలో రక్తం శుభ్రం చేయించుకుంటోందనీ, ఆ పని ఒక వారం ఆగితే ఆమె కూడా ఆగిపోతుందనీ ఆయనకు తెలియదు. ఆయన చూసింది ఒక గీతను.

ఆ గీత ఢిల్లీ నుంచి వచ్చిన నివేదికలో ఉంది. దేశంలో డయాలసిస్ రోగుల సంఖ్య ఏటేటా ఎలా మారుతోందో చూపించే గీత అది. ఎడమవైపు నేల మీద మొదలై, కుడివైపుకు వెళ్లేసరికి డాబా ఎక్కింది. పక్క పేజీల్లో మలేరియా గీత బుద్ధిగా దిగుతోంది, కుక్కకాటు గీత దిగుతోంది, పాముకాటు గీత కూడా కొద్దిగా వంగి మర్యాద చూపిస్తోంది. ఇదొక్కటే ఎవరి మాటా వినకుండా ఎక్కుతోంది. దేశం గీత పక్కన రాష్ట్రం గీత ఉంది. అది ఇంకా నిటారుగా ఉంది.

పరాంకుశం గారు రాష్ట్ర పునరాగమన నివారణ విభాగానికి సంచాలకులు. ఈ విభాగం పుట్టుక వెనక ఒక మంచి ఆలోచన ఉంది. ప్రభుత్వాసుపత్రికి వచ్చిన రోగి అదే జబ్బుతో మళ్లీ వచ్చాడంటే మొదటిసారి వైద్యం సరిగా జరగలేదన్నమాట. కాబట్టి రోగి మళ్లీ రాకుండా చేస్తే వైద్యం బాగుపడినట్టే. పంటి విభాగంలో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసింది. పన్ను ఒకసారి పీకించుకున్నాక ఆ పన్నుతో మళ్లీ ఎవరూ రాలేదు. పరాంకుశం గారికి శాలువా కప్పారు. ఆ ఊపులో ఆయన మిగతా విభాగాలన్నీ చుట్టబెట్టి డయాలసిస్ దగ్గర ఆగారు.

వెంటనే వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. వెలిగొండ్లపాడు కేంద్రాన్ని చూసుకునే డాక్టర్ హైమవతి తెర మీదికొచ్చింది. ఆమె వెనక పది యంత్రాలు పనిచేస్తున్నాయి. పది మంచాల మీద పదిమంది పడుకుని, తమకు సంబంధించిన సమావేశం కాదనుకుని కళ్లు మూసుకున్నారు.

"మీ కేంద్రంలో పునరాగమన శాతం ఎంతో గమనించారా?" అని అడిగారు పరాంకుశం గారు.

"నూరు సార్."

"అది సిగ్గుపడవలసిన విషయమని ఎప్పుడైనా అనిపించిందా?"

డయాలసిస్ అంటే అంతేనని హైమవతి వివరించింది. కిడ్నీ చేయాల్సిన పనిని యంత్రం చేస్తుంది, రెండ్రోజులకు ఒంట్లో మళ్లీ నీరూ మలినాలూ చేరతాయి, మళ్లీ రావాలి, కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప జీవితాంతం రావాలి. పరాంకుశం గారు చాలా ఓపికగా విన్నారు. ప్రతి ఆఫీసులోనూ పని చేయనివాళ్లు ఇలాంటి కారణమే చెబుతారని ఆయన అనుభవం.

"బండారు మస్తానమ్మ అనే లబ్ధిదారు ఉన్నారు. నాలుగేళ్లుగా ఒకే సమస్య మీద మీ గుమ్మానికి తిరుగుతున్నారు. ఒక నిరుపేద మహిళను నాలుగేళ్లు తిప్పుకున్నారు డాక్టర్ గారూ. రెవెన్యూ శాఖలో కూడా ఇంత అన్యాయం జరగదు."

"సార్, ఆవిడ తిరుగుతోంది కాబట్టే బతికుంది."

"ఈ గీత ఎందుకు పెరుగుతోందో నేను లోతుగా అధ్యయనం చేశాను. కొత్తవారు వస్తున్నారు. పాతవారు పోవడం లేదు."

"పాతవాళ్లు పోకుండా చూడటమే మా ఉద్యోగం సార్."

"ఆ దృక్పథమే మారాలి," అని ఆయన కాన్ఫరెన్స్ ముగించారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అందులో మొదటి పేరా ఇలా ఉంది: "దీర్ఘకాలిక అను పదమును ఇకమీదట వాడరాదు. దీర్ఘకాలము అనునది పరిపాలనా జాప్యమును సూచించును." రెండో పేరా ప్రకారం, డయాలసిస్ ముగిసిన ప్రతి రోగినీ కంప్యూటర్లో 'పరిష్కృతం' అని గుర్తించి మూసేయాలి. మూడో పేరా ప్రకారం, ఒకసారి మూసిన రోగిని తెరవకూడదు. నాలుగో పేరా ప్రకారం, డాక్టర్లు జాలిపడి తెరిచేస్తారేమోనని కేంద్రం గుమ్మానికి కెమెరా, కెమెరాకు తాళం, తాళానికి గొంతు అమరుస్తారు. ముఖం కనబడుతుంటే ఆధార్ ఎందుకని ఆ గడి తీసేశారు.

ఆ కెమెరా బిగించిన రోజు వచ్చినవాళ్లందరికీ డయాలసిస్ జరిగింది. అందరూ పరిష్కారమైపోయారు.

ఒకరోజు విడిచి మస్తానమ్మ మళ్లీ వచ్చింది. అద్దం తలుపు తెరుచుకోలేదు. పైనుంచి ఒక ఆడగొంతు చక్కెరపాకంలా కారింది.

"మస్తానమ్మ గారూ, మీ సమస్య పరిష్కారమైనది. అభినందనలు. మీ అమూల్యమైన సమయాన్ని కుటుంబంతో గడపండి."

మస్తానమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. "ఏందమ్మా ఇది, తలుపుకి నోరొచ్చింది," అంది లోపలున్న నర్సుతో. ఆ తర్వాత కెమెరాను చూసి, దాంతోనే మాట్లాడటం మంచిదనుకుంది. చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి, గోడ పట్టుకుని, వాచిన కాలు పైకి లేపి చూపించింది. "కాస్త చూడవే తల్లీ. నొక్కితే గుంట పడతంది. పడుకుంటే ఊపిరాడటంలా."

"ముఖము కనిపించుట లేదు," అంది కెమెరా.

హైమవతి పరుగున వచ్చింది. తలుపు లాగింది. లోపలినుంచి తోసింది. చివరికి సహాయ కేంద్రానికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది. అక్కడున్న కుర్రాడి గొంతులో ఆందోళన అనేది మచ్చుకైనా లేదు. పరిష్కారమైన కేసు తిరిగి తెరవడానికి వీలుపడదన్నాడు. ఆమె ఇంకో రెండు రోజులు ఆగితే చచ్చిపోతుందని హైమవతి చెబితే, ఆ విభాగం వేరే నంబరన్నాడు.

"అయితే అదే సమస్యతో ఇంకొకరు వస్తే నిరభ్యంతరంగా చేర్చుకోవచ్చు మేడమ్."

"ఇంకొకరంటే?"

"ఇంకో ముఖం."

గుమ్మం బయట మస్తానమ్మ వెనక బక్కపలచని మనిషి ఒకడు నిలబడి ఇదంతా వింటున్నాడు. పేరు దస్తగిరి. ఆమె పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునేవాడు. కెమెరా బిగించిన రోజు అతనూ పరిష్కారమైపోయాడు. అతని వృత్తి పౌరాణిక నాటకాలకు మేకప్ వేయడం, డ్రెస్సులు అద్దెకివ్వడం. ఆ చుట్టుపక్కల తిరునాళ్లలో రాజైనా రాక్షసుడైనా దస్తగిరి చేతిలో తయారవ్వాల్సిందే. ఒకసారి అతను సొంత బావమరిదికి ఆడవేషం వేస్తే, ఆ బావమరిది భార్యే పక్కన కూర్చుని ఏ ఊరమ్మా మీదని అడిగిందంటారు.

"ఇంకో ముఖమేనా డాక్టరమ్మా కావాల్సింది?" అన్నాడు దస్తగిరి.

హైమవతి అతని వైపు చూసింది. మస్తానమ్మ కాళ్ల వైపు చూసింది. ఆమె పదేళ్ల చదువులో ఇలాంటి సందర్భానికి ఏం చేయాలో ఎక్కడా చెప్పలేదు.

"తొందరగా," అంది.

దస్తగిరి ఇంటినుంచి రేకుపెట్టె తెప్పించాడు. స్కూటర్ స్టాండు వెనక మస్తానమ్మను కూర్చోబెట్టి, ముక్కుకు మైనం అద్ది, బుగ్గన పులిపిరి పెట్టి, నెత్తిన సగం నెరిసిన విగ్గు తొడిగి, పెద్ద కళ్లజోడు తగిలించాడు. తర్వాత అద్దం చూసుకుంటూ తన ముఖానికి గుబురుమీసాలు అంటించుకున్నాడు. మస్తానమ్మ అద్దంలో చూసుకుని, అచ్చం మా చిన్నత్తలా ఉన్నానని భయపడింది.

కెమెరా రెండు క్షణాలు ఆలోచించింది. "నూతన లబ్ధిదారుకు స్వాగతం. మీ పేరు చెప్పండి."

పేరు సంగతి ఎవరూ అనుకోలేదు. మస్తానమ్మకు ఆ క్షణంలో మనసులో మెదిలింది పొద్దున్నే బస్టాండులో ఎవరితో పోట్లాడి వచ్చిందో ఆ మనిషి పేరు. ఎదురు బుట్ట పెట్టుకుని తన బేరాలు చెడగొట్టే గురవమ్మ.

"గురవమ్మ," అంది.

తలుపు తెరుచుకుంది. నాలుగు గంటల తర్వాత మస్తానమ్మ ఊపిరి మామూలుగా ఆడుతూ బయటికొచ్చింది. గురవమ్మ పరిష్కారమైంది.

సాయంత్రానికి ఈ సంగతి కేంద్రంలోని రోగులందరికీ తెలిసింది. మర్నాటినుంచి స్కూటర్ స్టాండు వెనక పొద్దున్నే వరస కట్టేవారు. తాలూకా ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైనాయన బట్టతల మీద ఉంగరాల జుట్టు పెట్టించుకుని, ఇంటికెళ్లాక కూడా తీయనని మొండికేశాడు. దస్తగిరి అందరికీ ముఖాలు వేసి, ఆఖర్న తనకు వేసుకుని, తన మంచం మీద పడుకునేవాడు. హైమవతి రాత్రిళ్లు నిద్రపట్టక, ఇది తప్పా ఒప్పా అని ఆలోచించేది. పగలు అందరూ బతికే ఉండటం చూసి ఆలోచన మానేసేది.

కంప్యూటర్ దృష్టిలో మాత్రం అక్కడ మహాద్భుతం జరుగుతోంది. వెలిగొండ్లపాడులో ప్రతిరోజూ పదులకొద్దీ కొత్త కిడ్నీ రోగులు వస్తున్నారు. ఒక్కసారి డయాలసిస్ చేయగానే జబ్బు నయమై వెళ్లిపోతున్నారు. ఒక్కరు కూడా తిరిగి రావడం లేదు. పునరాగమన శాతం సున్నా. ఊళ్లో ఆ పేరు గలవారిని వెతికి మరీ, నయమైన ప్రతి లబ్ధిదారు ఇంటికీ విభాగం తరఫున అభినందన పత్రం, శాలువా వెళ్లాయి.

శాలువా అందుకున్న గురవమ్మ బస్టాండుకొచ్చి పెద్ద గొడవ చేసింది. నిక్షేపంలాంటి తన కిడ్నీలకు జబ్బు అంటగట్టారని మస్తానమ్మ బుట్ట తన్నబోయింది. మస్తానమ్మ ఆమెను పక్కకు తీసుకెళ్లి జరిగిందంతా చెప్పింది. గురవమ్మ శాలువా చేత్తో తడిమి చూసింది.

"మళ్లా ఎప్పుడు పోతన్నావు?"

"ఎల్లుండి."

"అయితే ఎల్లుండీ నా పేరే చెప్పు. మా ఆయనక్కూడా ఒకటి కావాల."

మూడు నెలల్లో రాష్ట్రం గీత డాబా మీదనుంచి దూకింది. అది దూకిన జోరుకు దేశం గీత కూడా ఒక చోట తూలింది. ఢిల్లీలో నిపుణులు ఆ తూలుడును భూతద్దం పెట్టి చూసి, అక్కడ బాణం గుర్తు వేసి 'వెలిగొండ్లపాడు' అని రాశారు. పరాంకుశం గారు ఈ విషయం మీద ఏడు నగరాల్లో ప్రసంగించారు. వేరే రాష్ట్రాల బృందాలు వచ్చి, యంత్రాలు అవే, మందులు అవే, మరి తేడా ఎక్కడుందని హైమవతిని అడిగాయి. అబద్ధం చెప్పడం ఇష్టంలేని హైమవతి, మేము ప్రతి రోగి ముఖం మీద ప్రత్యేక శ్రద్ధ పెడతామని చెప్పింది. అందరూ రాసుకుని వెళ్లారు.

దస్తగిరికి మాత్రం కష్టకాలం వచ్చింది. ఒకసారి వేసిన ముఖం మళ్లీ వేయడానికి లేదు. మామూలు మనుషుల విగ్గులూ మీసాలూ అయిపోయాయి. ఇక పెట్టె అడుగున మిగిలినవి అసలు సరుకు. మునుల జడలు, రాజుల గిరజాలు, రాక్షసుల కోరలు, ఒక ఎలుగుబంటి తల. యముడి మీసాలు కూడా ఉన్నాయి గానీ, ఆ ఒక్కటీ ఆ వార్డులో ఎవరూ పెట్టుకోలేదు.

సరిగ్గా అప్పుడే పరాంకుశం గారు స్వయంగా చూడటానికి వచ్చారు.

ఆయన లోపలికి అడుగుపెట్టేసరికి పది మంచాల మీద నలుగురు మహర్షులు, ముగ్గురు మహారాజులు, ఇద్దరు రాక్షసులు, ఒక ఎలుగుబంటి పడుకుని డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఒక రాక్షసుడు వినయంగా కోర తీసి ఒంటిచేత్తో నమస్కారం పెట్టాడు.

పరాంకుశం గారు మంచాల మధ్య నడిచారు. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నో తనిఖీలు చేశారు. తనిఖీ రోజున ఉన్నదున్నట్టుగా ఉన్న ఆఫీసు ఆయన ఒక్కటీ చూడలేదు. కాబట్టి తన గౌరవార్థం సాంస్కృతిక కార్యక్రమం ఏర్పాటు చేశారని అర్థం చేసుకున్నారు.

"చాలా బాగుంది. రోగుల మనోవికాసం కూడా పట్టించుకుంటున్నారన్నమాట," అన్నారు.

మస్తానమ్మ మూడో మంచం మీద నడుముదాకా గడ్డంతో ఉంది. పరాంకుశం గారు అక్కడ ఆగారు. నాలుగేళ్లు తిరిగి రాష్ట్రానికి తలవంపులు తెచ్చిన మనిషీ, ఆ తలవంపులు తీర్చిన మనిషీ మొదటిసారి ఎదురుపడ్డారు.

"స్వామీ, మీరు ఇంతకుముందు ఎప్పుడైనా ఇక్కడికి వచ్చారా?"

"ఈ ముఖంతో ఇదే మొదలు నాయనా," అంది మస్తానమ్మ గొంతు బొంగురు చేసి.

"మళ్లీ రావలసిన అవసరం ఉంటుందనుకుంటున్నారా?"

"ఈ ముఖంతో రాను."

పరాంకుశం గారి కళ్లు చెమ్మగిల్లాయి. అక్కడే నిలబడి, ఫొటోగ్రాఫర్లు సర్దుకున్నాక ఒక ప్రకటన చేశారు. ఒక్కసారితో నయమయ్యే జబ్బుకు శాశ్వత కేంద్రం అవసరం లేదు. ఇంతమందికి నయం చేశాక ఈ తాలూకాలో నయం చేయవలసినవారు ఎవరూ మిగిలి ఉండే అవకాశం గణితశాస్త్రం ప్రకారం లేదు. తాలూకాలో ఉండగల కిడ్నీ రోగుల కన్నా ఎక్కువమంది ఇప్పటికే నయమయ్యారు. కాబట్టి ఈ కేంద్రాన్ని దిగ్విజయంగా మూసివేస్తున్నాం. సోమవారం లారీ వచ్చి యంత్రాలను ఇంకా వెనకబడి ఉన్న వేరే జిల్లాకు తరలిస్తుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. చేతికి సూది గుచ్చి ఉన్నందువల్ల మహర్షులూ రాజులూ కొట్టలేదు.

ఆయన కారు వెళ్లాక మస్తానమ్మ గడ్డం ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. ఇంకో కేంద్రం ఉన్నది జిల్లా కేంద్రంలో. బస్సులో నాలుగు గంటలు. అక్కడ మంచాలు ఎప్పుడో నిండిపోయాయి. ఆ మంచాల మీది వాళ్లు కూడా ఏ తంటాలు పడి లోపలికి వస్తున్నారో ఎవరికి తెలుసు.

"దస్తగిరన్నా, ఇంకో ముఖం ఉందా?" అంది.

"ముఖాలుంటే ఏం లాభం మస్తానక్కా, తలుపే లేకపోయాక," అన్నాడు దస్తగిరి.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. తెల్లవారుజామున మొదటి బస్సుకు హైమవతి, మస్తానమ్మ, దస్తగిరి బయల్దేరారు. ఏ వేషమూ లేకుండా వెళ్లారు. మస్తానమ్మకు ఆ రోజు డయాలసిస్ చేయించుకోవాల్సిన రోజు. బస్సు కుదుపులకు ఆమె ఆయాసపడుతుంటే దస్తగిరి కిటికీ పక్క సీటిచ్చాడు. దారిలో ఎదురుగా ఒక పెద్ద ఖాళీ లారీ వెలిగొండ్లపాడు వైపు వెళ్లడం ముగ్గురూ చూశారు.

అర్జీలకు ముందు శాఖల సమీక్ష జరుగుతోంది. కలెక్టరమ్మ గారు ఒక పెద్ద తెర ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద అన్ని శాఖలకూ ఒకే రకం పట్టిక, ఎందుకంటే అన్ని శాఖలకూ సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది ఒక్కరే. 'మళ్లీ వచ్చినవారి శాతం' అనే గడి అందరికీ ఉంది. ఆ గడిలో అంకె పెరిగితే కొన్ని శాఖలకు ఎరుపు వస్తుంది, కొన్నిటికి ఆకుపచ్చ వస్తుంది. హైమవతి వచ్చి వెనక కుర్చీలో కూర్చునేసరికి పర్యాటక శాఖ వంతు నడుస్తోంది.

పర్యాటక అధికారి ఆదిశేషు నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. అతని గడిలో సున్నా ఉంది. సున్నా ఎర్రగా ఉంది.

"ఈ జిల్లాకు ఒక్క పర్యాటకుడు కూడా రెండోసారి రాలేదా?" అన్నారు కలెక్టరు గారు.

ఆదిశేషు ఉన్నమాట చెప్పాడు. జిల్లాలో ఒక జలపాతం ఉంది. అందులో నీళ్లు లేవు. ఒకసారి వచ్చి చూసినవాళ్లు రెండోసారి రావడం లేదు. కొందరు మొదటిసారి కూడా పూర్తిగా రాకుండా దారిలోంచే వెనక్కి పోతున్నారు. ఇరవై నాలుగు గంటల్లో మళ్లీ వచ్చే పర్యాటకుణ్ణి ఒక్కణ్ణైనా చూపించకపోతే సస్పెండ్ చేస్తానని కలెక్టరు గారు అన్నారు.

"నేను వస్తన్నా గదమ్మా," అని గుమ్మం దగ్గర్నుంచి వినబడింది.

అందరూ వెనక్కి తిరిగారు. అర్జీల వరసలో నిలబడలేక మస్తానమ్మ తలుపు పట్టుకుని లోపలికి ఒరిగి ఉంది. ఆమెకు ఈ పట్టికలూ రంగులూ ఏమీ అర్థం కాలేదు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు కావాలని ఒకావిడ అడుగుతోందని మాత్రం అర్థమైంది. నాలుగేళ్లలో ఆ మాట ఎవరి నోటా వినలేదు.

"వారానికి మూడుసార్లు వస్తన్నా. ఎండనక వాననక వస్తన్నా. రావద్దంటే మీసాలు పెట్టుకుని కూడా వచ్చా. వెలిగొండ్లపాడుకి."

ఆదిశేషు చెమట తుడుచుకోవడం ఆపాడు. "మీరొక్కరేనా అమ్మా, ఇంకా ఎవరైనా..."

"ఊరినిండా ఉన్నాం."

హైమవతి లేచి నిలబడి ఏదో చెప్పబోయింది. కలెక్టరు గారు చేయెత్తి ఆపారు. ఆవిడ మస్తానమ్మ కాళ్ల వైపు ఒకసారి, తెర మీది ఎర్ర సున్నా వైపు ఒకసారి చూశారు. అన్నీ అర్థమైనట్టే ఉంది, కానీ అర్థమైందని చెప్పడానికి ఆ తెరలో గడి లేదు.

"ఆరోగ్య శాఖ అక్కర్లేదనుకున్న ఆస్తిని అడిగిన శాఖకు బదలాయించే అధికారం నాకుంది," అన్నారు ఆవిడ. "అడుగుతున్నారా ఆదిశేషు గారూ?"

ఆదిశేషు అడిగాడు. అలా అడగడం అతని జీవితంలో అతను చేసిన అతివేగమైన పని.

సంతకం తడి ఆరకముందే అతని జీపు వెలిగొండ్లపాడు వైపు దూసుకుపోయింది. వెనక సీట్లో మస్తానమ్మ హైమవతి భుజం మీద వాలిపోయి ఉంది. ఊపిరి పిల్లనగ్రోవిలా శబ్దం చేస్తోంది. హైమవతి ఆమె నాడి పట్టుకుని, ఇంకా తొందరగా పోనివ్వమని ఆదిశేషు మీద అరుస్తూనే ఉంది. వాళ్లు చేరేసరికి ఎనిమిది యంత్రాలు లారీ ఎక్కేశాయి. తొమ్మిదో దాన్ని నలుగురు మోస్తున్నారు. మిగిలిన రోగులు లారీ చుట్టూ నిలబడి ఉన్నారు. రిటైరైన అటెండరు ఉంగరాల జుట్టుతో లారీ టైరు ముందు పడుకుని ఉన్నాడు.

ఆదిశేషు జీపులోంచి దూకి తొమ్మిదో యంత్రం మీద ఉత్తర్వు అంటించాడు. లారీతో వచ్చిన ఉద్యోగి పరాంకుశం గారికి ఫోన్ కలిపి అతని చేతికిచ్చాడు.

"పర్యాటక శాఖకా? ఆ యంత్రాలతో మీరేం చేసుకుంటారు?" అన్నారు పరాంకుశం గారు.

"చూపిస్తాం సార్."

"ఎవరికి?"

"మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి."

"రోగులెవరైనా మిగిలున్నారా అక్కడ?"

"ఒక్క రోగి కూడా లేడు సార్. మీరే నయం చేశారు కదా. వీళ్లు పర్యాటకులు."

అప్పుడు పరాంకుశం గారికి అసలు విషయం తట్టింది. వెలిగొండ్లపాడులో తన శాఖ తరఫున డయాలసిస్ రోగి ఒక్కడూ ఉండడు. గీత నేలను తాకుతుంది. జిల్లాకొకటి చొప్పున ఇలా బదలాయిస్తే దేశం గీత కూడా తాకుతుంది.

"విహారం శుభప్రదంగా సాగాలి," అని ఫోన్ పెట్టేశారు.

యంత్రాలు దించారు. మొదట దించినదానికి పైపులు బిగించి, నీళ్లు కలిపి, మస్తానమ్మను పడుకోబెట్టేసరికి పొద్దు వాలింది. ఆమె పెదవుల రంగు మామూలుగా మారేదాకా హైమవతి పక్కనుంచి కదల్లేదు.

ఇప్పుడు ఆ కేంద్రం బోర్డు మీద 'వెలిగొండ్లపాడు విహార కేంద్రం' అని ఉంది. గుమ్మానికి కెమెరా లేదు, మామిడి తోరణం ఉంది. పర్యాటకులకు గుమ్మంలో బొట్టు పెడతారు. స్వాగతంగా ఒక కొబ్బరిబోండం కూడా ఇవ్వాలని శాఖ నిబంధన. డయాలసిస్ మనుషులకు కొబ్బరినీళ్లు విషంతో సమానమని హైమవతి గగ్గోలు పెట్టడంతో, బోండం దూరం నుంచి చూపించి లోపల పెట్టేస్తున్నారు. రోజంతా ఒక గైడు మంచాల మధ్య తిరుగుతూ, మీ ఎడమ వైపున ఉన్నది రక్తాన్ని వడకట్టే యంత్రం, మీ కుడి వైపున ఉన్నది కూడా అదే అని వివరిస్తుంటాడు. అందరికీ కంఠస్థం వచ్చేసింది. అతను మర్చిపోతే దస్తగిరి అందిస్తాడు.

నెల తిరిగేసరికి తెర మీద ఆదిశేషు గడి ఆకుపచ్చగా మారింది. మళ్లీ వచ్చినవారి శాతం నూరు. దేశంలో ఏ కొండకూ, ఏ కోటకూ, ఏ సముద్రతీరానికీ అంత రాలేదట. ఈ రహస్యమేమిటో తెలుసుకుని రమ్మని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఆదిశేషు స్వయంగా మూడో మంచం దగ్గరికెళ్లి, ఇక్కడ మీకు అన్నిటికన్నా ఏం నచ్చిందని మస్తానమ్మను అడిగాడు. గడ్డమూ మైనం ముక్కూ అడ్డురాకుండా పక్కకు తిరిగి పడుకోవచ్చని ఆమె చెప్పింది.

"మా విహార కేంద్రానికి మళ్లీ వస్తారా?"

మస్తానమ్మ అతన్ని వింతగా చూసింది.

"రాకపోతే చస్తాను గదయ్యా," అంది.

ఆదిశేషు ఆ మాటను పొల్లుపోకుండా రాసుకున్నాడు. అతను ఆ శాఖలో చేరినప్పటినుంచి పర్యాటకుల అభిప్రాయాలు సేకరిస్తూనే ఉన్నాడు. బాగుంది అన్నవాళ్లున్నారు, పర్వాలేదు అన్నవాళ్లున్నారు, డబ్బులు వెనక్కివ్వమన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ఊరి మీద ఇంత ప్రేమ అతను ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు జాతీయ రహదారి మీద, విమానాశ్రయంలో, ఢిల్లీ రైల్వేస్టేషన్లో మస్తానమ్మ నవ్వుతున్న ఫొటోతో పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. కింద ఒకే వాక్యం.

"వెలిగొండ్లపాడు: రాకపోతే చస్తాను."